రీసెట్ బిట్ రాసే ముందు ఎవరెవర్ని ఆపాలి?

జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) డ్రైవర్ ప్యాచ్ రివ్యూకి వస్తే నేను మొదట తెరిచేది రీసెట్ కోడే, అంటే హ్యాంగై బిగుసుకుపోయిన చిప్‌ని మళ్లీ లేపే కోడ్. మామూలు దారిలో బగ్ ఉంటే ఎవరో ఒకరి కంట పడుతుంది. రీసెట్ కోడ్ నడిచేదే అరుదు, అది నడిచేసరికి ఏదో ఒకటి చెడిపోయే ఉంటుంది.

హ్యాంగ్‌ని పసిగట్టడం పెద్ద పని కాదు. ఇచ్చిన పని గడువులో తెమలకపోతే టైమౌట్, అంతే. విండోస్‌లో ఆ గడువు మామూలుగా 2 సెకన్లు, లినక్స్‌లో డ్రైవర్‌కో లెక్క.

ఇంజన్‌ని, అంటే పనులు నడిపే జీపీయూ భాగాన్ని, రీసెట్ చేయడం కూడా ఒక్క రిజిస్టర్ రాతే. ఇంటెల్ ఐ915 డ్రైవర్ ముందు రింగ్‌ని (ఇంజన్‌కి వెళ్లే ఆదేశాల వరుసని) ఆపమంటుంది, తర్వాత రీసెట్‌కి సిద్ధమా అని ఇంజన్‌ని అడుగుతుంది, ఆ తర్వాతే బిట్ రాస్తుంది. హ్యాంగైన ఇంజన్ జవాబిస్తుందన్న నమ్మకం లేదు కాబట్టి ప్రతి ఎదురుచూపుకీ గడువు ఉండాలి. గడువు లేని వైల్ లూప్ కనిపిస్తే నేను ఇక ముందుకు చదవను.

ఈలోగా కొత్త పనులు పంపే షెడ్యూలర్ ఆగాలి, హార్డ్‌వేర్ నుంచి సీపీయూకి వచ్చే పిలుపులు, ఇంటరప్ట్‌లూ ఆగాలి. కొత్తవి రాకుండా మాస్క్ చేస్తే చాలదు, వాటిని అందుకునే హ్యాండ్లర్ ఇంకో సీపీయూ మీద అప్పటికే నడుస్తూ ఉండొచ్చు. అది బయటికొచ్చేదాకా ఆగాలి. ఆ హ్యాండ్లర్‌కి కావలసిన లాక్ మన చేతిలోనే ఉంటే మాత్రం ఇక అంతే సంగతులు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మెమరీ. ఎర్రర్ డంప్ కోసమని రీసెట్ మధ్యలో జీఎఫ్‌పీ_కెర్నెల్‌తో (దొరికేదాకా ఆగడానికి ఒప్పుకునే రకంగా) మెమరీ అడుగుతారు. ఖాళీ లేకపోతే కెర్నెల్ పాత పేజీలు లాక్కోబోతుంది. ఆ పేజీ జీపీయూ వాడుతున్నదైతే దాని ఫెన్స్ కోసం, అంటే పని ముగిసిందని చెప్పే గుర్తు కోసం, ఆగుతుంది. ఫెన్స్ సిగ్నల్ కావాలంటే రీసెట్ పూర్తవ్వాలి. రీసెట్ ఏమో మెమరీ కోసం కూర్చుని ఉంది! మెమరీ పుష్కలంగా ఉన్న టెస్ట్ మెషీన్లో ఇది చచ్చినా బయటపడదు. డీఎంఏ ఫెన్స్ యానొటేషన్లు పెడితే ఇలాంటి చిక్కుముడుల్ని పట్టే కెర్నెల్ తనిఖీ సాధనం లాక్‌డెప్ ముందే అరుస్తుంది. అవి పెట్టడానికి బద్ధకిస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

హ్యాంగ్‌కి కారణమైన జాబ్ ఫెన్స్‌కి ఎర్రర్ తగిలించి సిగ్నల్ చేయాలి. వదిలేస్తే దాని కోసం చూస్తున్న కాంపోజిటర్ (తెర మీద విండోల్ని కూర్చే ప్రోగ్రామ్) కూడా బిగుసుకుపోతుంది.

షట్‌డౌన్‌లో వరుస ముఖ్యం. గడువు దాటిందా అని చూసి రీసెట్ మొదలుపెట్టే టైమౌట్ వర్క్‌ని రద్దు చేసి, అది నిజంగా ముగిసిందని తేలాకే పవర్ తీయాలి. లేదంటే అది తర్వాత నిద్రలేచి, పవర్ లేని పీసీఐ కార్డు రిజిస్టర్ చదువుతుంది. వచ్చే బిట్లు అన్నీ 1లే. బిజీ బిట్ కూడా 1 కాబట్టి ఇంజన్ ఇంకా పనిలో ఉందనుకుని, లేని ఇంజన్‌కి రీసెట్ మొదలుపెడుతుంది.