ఉన్నాను సరే, ఎవరిని?

ఈమధ్య రాత్రిళ్లు ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ 1641లో అచ్చేసిన ‘మెడిటేషన్స్’ చదువుతున్నాను. కళ్లు మోసం చేస్తాయి, పక్కలో పడుకున్నవాడికి కలలో నిప్పు దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది, ఏ మాయావియో నన్ను అన్నిటా మోసం చేస్తున్నాడేమో అంటూ ఒక్కొక్కటే కొట్టిపారేస్తాడు. చివరికి, మోసపోవడానికైనా నేనంటూ ఉండాలి కదా!

అక్కడ పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎవరూ లాక్కోలేనిది ఒకటుందన్న ధైర్యం. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే మన శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో అన్నారు, ‘నేను లేను’ అని ఎవరికీ అనిపించదని.

అయితే ఆ ఉన్నది ఏమిటి? ఆలోచించేది అన్నాడు డెకార్ట్. ఆలోచనను కూడా చూసే సాక్షి అన్నారు శంకరులు. నాకు రెండోదే దగ్గరగా ఉంది. ఎంత టెన్షన్‌లో ఉన్నా, ‘టెన్షన్ పడుతున్నావు’ అని లోపల ఏదో గమనిస్తూనే ఉంటుంది. దాన్ని పట్టుకోబోతే మాత్రం ఇంకో ఆలోచనే చేతికొస్తుంది. స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ 1739లో అన్నదీ ఇదే: లోపలికి చూస్తే వేడో చలో, ప్రేమో ద్వేషమో తగులుతుంది తప్ప ‘నేను’ దొరకదని. ఆయనకు సాక్షివాదం తరఫున ఏం చెప్పాలో ఇంకా వెతుకుతున్నాను. దీని మీద ఆలోచించినవాళ్లు ఉంటే చెప్పండి, నిజంగా వినాలని ఉంది.