ఏఎల్‌పీ పార్ట్ బీ: మోటార్ల చాప్టర్ నాకు బొబ్బిలిలో పట్టుబడింది

రైల్వే ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) ఫైనల్ ప్యానెల్‌లో, అంటే ఎంపికైనవాళ్ల లిస్టులో, నా నంబర్ వచ్చింది. అమ్మ పైడితల్లమ్మకి మొక్కు కూడా తీర్చేసింది. అప్పట్నుంచి మన ఐటీఐ తమ్ముళ్లు అడుగుతున్నది ఒక్కటే, పార్ట్ బీ ఎలా చదివావన్నా అని. రెండో కంప్యూటర్ పరీక్ష సీబీటీ-2లో మన ట్రేడ్ ప్రశ్నలుండే భాగం అది. పార్ట్ ఏ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. పాత పేపర్లు, టైం పెట్టుకుని మాక్‌లు, అంతే. పార్ట్ బీని మాత్రం ‘క్వాలిఫయింగే కదా, మెరిట్‌కి కలవదు’ అని వదిలేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. 75 ప్రశ్నలు, 60 నిమిషాలు. 35 శాతం రాకపోతే పార్ట్ ఏలో ఎంతొచ్చినా వృథాయే.

త్రీఫేజ్ ఇండక్షన్ మోటార్ పుస్తకంలో ఎంత చదివినా నాకు ఎక్కలేదు. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఒక ఫెర్రో ఎల్లాయ్స్ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేస్తుంటే ఎక్కింది. ముడిసరుకు బంకర్ కింద, సరుకుని కుదుపుతూ వదిలే ఫీడర్‌కున్న వైబ్రేటర్ మోటార్ ఊరికే ఓవర్‌లోడ్ మీద ట్రిప్ అవుతోంది. రీసెట్ నొక్కితే కాసేపు తిరిగి మళ్లీ ఆగిపోతోంది. బాడీ మీద చెయ్యి ఆనడం లేదు. ఓవర్‌లోడైతే మోటార్‌ని ఆపే రిలే సెట్టింగ్ కాస్త పెంచేద్దాం అన్నారెవరో. మా సీనియర్ బాబాయ్ ఒప్పుకోలేదు. “నేమ్‌ప్లేట్ ఆంప్స్ దాటించేస్తే ఇంక రిలే ఎందుకురా? ముందు మూడు ఫేజులకీ క్లాంప్ మీటరెట్టు.”

మూడింట్లోనూ కరెంట్ సమానంగానే ఉంది, కానీ నేమ్‌ప్లేట్ మీద రాసిన దానికంటే ఎక్కువ. ఒక ఫేజ్ పోతే మిగతా రెండింట్లోనే పెరిగేది, కాబట్టి సింగిల్ ఫేజింగ్ కాదు. వోల్టేజ్ బాగానే ఉంది. ఇక చూడాల్సింది మెకానికల్ వైపే. సప్లయ్ ఆపి, ఫ్యూజులు తీసి, రెండు చివర్ల కవర్లు విప్పాం. లోపల షాఫ్ట్‌కి అటూ ఇటూ ఎక్సెంట్రిక్ వెయిట్లు (బరువు ఒక పక్కకే ఉండే దిమ్మలు) ఉంటాయి, వాటి కోణాన్ని బట్టే కుదుపు బలం. ఒక వైపు ఎక్కువకీ, రెండో వైపు తక్కువకీ పెట్టి ఉన్నాయి. మౌంటింగ్ బోల్టులు కొన్ని చేత్తోనే తిరిగాయి. పైగా బాడీ నిండా దుమ్ము పెచ్చుకట్టింది. ఆ మోటార్‌కి ఫ్యాన్ ఉండదు, వేడి బాడీ మీదుగానే పోవాలి మరి. దుమ్ము గీకి, వెయిట్లు రెండు వైపులా ఒకే మార్కుకి తెచ్చి, బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించాం. కాసేపు నడిపి ఆపి మళ్లీ బిగించాం. కరెంట్ నేమ్‌ప్లేట్ కిందకి దిగింది.

ఆ తర్వాత బైమెటల్ (ఓవర్‌లోడ్) రిలే, వోల్టేజ్ అన్‌బ్యాలెన్స్, ఏ ప్రశ్న చూసినా ఆ ఫీడరే కళ్లముందుండేది. వైండింగ్ ఇన్సులేషన్ తట్టుకునే వేడి క్లాస్ బీకి 130 డిగ్రీలు, ఎఫ్‌కి 155 అన్నది బట్టీ పట్టక్కర్లేకపోయింది. బేరింగ్‌లో గ్రీజు తక్కువైనా, మరీ కుక్కేసినా వేడెక్కుతుందని కూడా అక్కడే తెలిసింది.

డ్యూటీ మానేసి విశాఖలో కోచింగ్‌కి చేరమన్నవాళ్లు చాలామంది. చేరలేదు, ఇంటికి జీతం కావాలి. పని చేస్తూ చదివితే టైం చాలదంటారు. షిఫ్ట్ దిగాక బస్సులో రీల్స్ చూడకుండా ఉంటే ఎంత చదవొచ్చో నాకు తెలుసు. అప్రెంటిస్‌షిప్‌లో ఉన్న తమ్ముళ్లూ, సంతకం పెట్టేసి ఇంటికి రాకండి. మోటార్ ట్రిప్ అయితే సీనియర్ పక్కన నిలబడండి, మీటర్ మీరే పట్టుకోండి.

సీబీటీ-2 తర్వాతుండే కంప్యూటర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ సీబీఏటీకి ఇదేదీ పనికిరాదు. అక్కడ నెగెటివ్ మార్కులు లేవు గానీ ప్రతి బ్యాటరీలోనూ (అందులోని ఒక్కో విడి టెస్టులోనూ) కనీసం 42 టీ-స్కోర్ రావాలి. సీబీటీ-2 రాసిన మర్నాటి నుంచే దాని ప్రాక్టీస్ మొదలుపెట్టండి.