ఆర్బీఐ గ్రేడ్ బీ ప్రిపరేషన్: క్రూడ్, బాండ్, రూపాయి కలిపి చదవడం నాకెలా అలవాటైంది

రిజర్వ్ బ్యాంకు (ఆర్బీఐ) ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే గ్రేడ్ బీ పరీక్షకు చదువుతున్నాను. ద్రవ్యోల్బణం చాప్టర్ నాకు కంఠతా వచ్చు. ఆర్బీఐకి 4 శాతం లక్ష్యం, అటూ ఇటూ 2 శాతం, డిమాండ్ పుల్ (గిరాకీ వల్ల ధరలు పెరగడం), కాస్ట్ పుష్ (ఖర్చుల వల్ల పెరగడం)... నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అయినా ఒక మాక్ టెస్ట్‌లో "ధరలు పెరగబోతున్నాయని మార్కెట్లను చూసి ఎలా గుర్తిస్తారు?" అని అడిగితే నా జవాబు అరపేజీ దాటలేదు. పేపర్ దిద్దిన సర్ మార్జిన్‌లో ఒక్కటే రాశారు: "ఉదాహరణ ఏది?"

ఆ రాత్రే నోట్‌బుక్ తీసి కాలమ్స్ గీశాను. తేదీ, బ్రెంట్ క్రూడ్ (అంతర్జాతీయ ముడిచమురు ధర), పదేళ్ల ప్రభుత్వ బాండ్ యీల్డ్ (బాండ్ కొన్నవాళ్లకు వచ్చే రాబడి), డాలరుకు రూపాయి, చివర్లో "ఎందుకు?". పాత పేపర్లు ముందేసుకుని 2022 సంవత్సరాన్ని నింపడం మొదలుపెట్టాను. నాకు మార్కులు తెచ్చింది ఆ చివరి కాలమే.

మొదటి దెబ్బ ఫిబ్రవరి 1 దగ్గరే తగిలింది. ఆ రోజు యీల్డ్ బాగా పెరిగింది. ధరలు పెరుగుతాయనుకుంటే బాండ్ కొనేవాళ్లు ఎక్కువ రాబడి అడుగుతారు కదా అని "ద్రవ్యోల్బణం భయం" అని రాసేశాను. తప్పు. అది బడ్జెట్ రోజు. ప్రభుత్వం దాదాపు 14.95 లక్షల కోట్లు అప్పు తెస్తానంది. మార్కెట్‌లోకి అన్ని బాండ్లు వస్తాయంటే ధర పడుతుంది, ధర పడితే యీల్డ్ పెరుగుతుంది. ఏటా 7 రూపాయల వడ్డీ ఇచ్చే 100 రూపాయల బాండ్ 95కే దొరికితే రాబడి దాదాపు 7.37 శాతం అవుతుంది కదా, అదే లెక్క.

ఫిబ్రవరి 10న ఆర్బీఐ రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని) 4 శాతం దగ్గరే ఉంచి, వచ్చే ఆర్థిక సంవత్సరానికి ద్రవ్యోల్బణం 4.5 శాతమే అంది. రెండు వారాలకే ఉక్రెయిన్ యుద్ధం. మార్చి మొదట్లో బ్రెంట్ 130 డాలర్లు దాటింది, రూపాయి 77 దగ్గరికి జారింది. బంకులో పెట్రోల్ రేటు మాత్రం మార్చి 22 దాకా కదల్లేదు. మార్కెట్ ముందు కదులుతుంది, మన జేబుకు ఆలస్యంగా తెలుస్తుంది. ఆ మధ్య కాలాన్ని జవాబులో తప్పకుండా చూపించండి. మే 4న ఆర్బీఐ షెడ్యూల్‌లో లేని ప్రకటన చేసి రెపోను 4.40కి పెంచింది. ఏప్రిల్ రిటైల్ ద్రవ్యోల్బణం 7.79 శాతమని మనకు తెలిసింది మే 12న.

రూపాయి కాలమ్ దగ్గర ఒక చిన్న లెక్క వేసుకోండి. బ్యారెల్ 100 డాలర్లే ఉన్నా, డాలరు 75 అయితే 7,500 రూపాయలు, 80 అయితే 8,000. క్రూడ్ పెరగకపోయినా మన బిల్లు పెరిగింది. 85 శాతానికి పైగా క్రూడ్ దిగుమతి చేసుకునే దేశానికి ఇది చిన్న విషయం కాదు. 2022 అక్టోబరులో జరిగిందీ ఇలాంటిదే. క్రూడ్ అప్పటికే 100 కిందికి దిగింది, రూపాయి మాత్రం 83కి పడింది. కారణం చమురు కాదు, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వరసగా 75 బేసిస్ పాయింట్ల (0.75 శాతం) చొప్పున వడ్డీ రేట్లు పెంచడం, దాంతో డాలర్లు అటు మళ్లడం.

ఇక నాకు బాగా నచ్చిన పేజీ 2023 జూలై. టమాటా కిలో వంద దాటి, మదనపల్లె మార్కెట్ రోజూ వార్తల్లో ఉన్న నెల. మా అమ్మ పప్పులో చింతపండుతోనే సరిపెట్టింది. రిటైల్ ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగిరింది. నా నోట్‌బుక్‌లో మాత్రం రూపాయి 82 చుట్టూనే ఉంది, యీల్డ్ పెద్దగా కదల్లేదు. కూరగాయల ధర కొత్త పంట రాగానే దిగుతుందని బాండ్ మార్కెట్‌కు తెలుసు. ఆగస్టులో ఆర్బీఐ కూడా రెపోను 6.50 దగ్గరే ఉంచింది. రిటైల్ ద్రవ్యోల్బణం లెక్కకు తీసుకునే వస్తువుల జాబితా, అంటే మన పాత సీపీఐ బుట్టలో ఆహారం, పానీయాల వాటా దాదాపు 46 శాతం. అందుకే ఈ మూడు మార్కెట్లు చూస్తే చాలని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను, కూరగాయల మార్కెట్ కూడా చూడాల్సిందే.

తర్వాతి మాక్‌లో ఇలాంటి ప్రశ్నే వస్తే 2022 మార్చినీ, 2023 జూలైనీ పక్కపక్కన పెట్టి రాశాను. నిర్వచనానికి రెండు లైన్లే ఇచ్చాను. ఈసారి మార్జిన్ ఖాళీగా ఉంది, మార్కులు మాత్రం బాగా వచ్చాయి.

మీరు మొదలుపెట్టాలనుకుంటే ఏడాదంతా వద్దు. 2022 ఫిబ్రవరి 1 నుంచి మే 12 వరకు నింపండి, "ఎందుకు?" కాలమ్ మాత్రం ఒక్కటీ ఖాళీ వదలకండి. నాకు నాలుగు ఆదివారాలు పట్టింది.