ఇంట్లో పుట్టిన నీమోకి రేటెంత?

ఇంట్లో క్లౌన్‌ఫిష్, అంటే నీమో కార్టూన్ సినిమాలోని తెల్ల చారల ఉప్పునీటి చేప, గుడ్లు పెట్టిందంటే మొదట సంబరం, నాలుగు నెలలు తిరిగేసరికి చోటు చాలక తలనొప్పి. జత ఒకసారి కుదురుకుందంటే ఇక ఆగదు. ఇంచుమించు రెండు వారాలకోసారి తొట్టెలో పెట్టిన అదే కుండపెంకు మీద నారింజ రంగు గుడ్లు, ఒక్కో దఫాకి వందల్లో. మగచేప రెక్కలతో విసురుతూ, నోటితో తుడుస్తూ కాపలా కాస్తుంది. వారం దాటాక ఒక రాత్రి లైటు తీసిన తర్వాత చీకట్లో పిల్లలు బయటికొస్తాయి. మేతగా ముందు రోటిఫర్లనే కంటికానని జీవులు, ఆ తర్వాత ఆర్టీమియా అనే చిన్న రొయ్యజాతి పిల్లలు, పది పన్నెండు రోజులకి ఒంటి మీద తెల్ల చార. ఇది మన దేశంలో కొత్త విద్యేమీ కాదు. సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం కేంద్రాల్లో ఎప్పుడో చేసి చూపించారు. పెంచడం గురించి చెప్పడానికి నాకన్నా తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి. తొట్టెల్లో వంద పైచిలుకు పిల్లలు అంగుళం దాటి, పొద్దున్నే మేత కోసం అద్దానికి మూతులు ఆనించి నిలబడితే, వాటిని ఎవరికి అమ్మాలి, ఎంతకి అమ్మాలి?

మాది విశాఖపట్నం, సీతమ్మధార. పక్కనే సముద్రం కదా, నీళ్లు ఊరికే వస్తాయనుకుంటారు. హార్బర్ దగ్గర ముంచుకొచ్చిన నీళ్లు చేపలకి పనికిరావు. బోటువాళ్లు లోపలికి వెళ్లినప్పుడు క్యాన్లలో పట్టి తెస్తారు, క్యాన్‌కి ఇంత అని తీసుకుంటారు. ఆ నీళ్లలో బ్లీచింగ్ వేసి, దాని క్లోరిన్‌ని హైపో అనే మందుతో విరిచి, కొన్నాళ్లు నిలవపెట్టి వాడుకోవాలి. బోట్లు ఆగిన రోజుల్లో కొన్న ఉప్పే గతి. పంపులు, లైట్లు, కరెంటు పోతే బ్యాటరీ, ఆర్టీమియా డబ్బా ఇవన్నీ నోటుబుక్కులో రాసి, అమ్మకానికి నిలిచిన పిల్లల మీద పంచితే ఒక్కోదానికి నూటపదీ నూట ఇరవై మధ్య పడింది. నా కష్టం అందులో లేదు. ఇంతకంటే కిందికి దిగితే చేతి డబ్బు పోతుందని మాత్రం ఆ అంకె చెబుతుంది. ఎంతకి అమ్మాలో చెప్పదు. అది తెలియాలంటే దుకాణం లెక్క చూడాలి.

అందుకే మొదట చేపలు లేకుండా, ఖాళీ చేతులతో ఊళ్లోని దుకాణాలన్నీ తిరిగాను. ఉప్పునీటి చేపలు పెట్టేవి చాలా తక్కువ. పెట్టినచోట కూడా రెండు మూడు తొట్టెలే, మిగతాదంతా గోల్డ్‌ఫిష్, మోలీలు, ఫ్లవర్‌హార్న్. క్లౌన్‌ఫిష్ ఒక్కోటి ఐదొందలు చెబుతున్నారు. సరుకు ఎక్కడినుంచి అని అడిగితే అందరిదీ ఒకటే మాట, చెన్నై కొళత్తూర్. అక్కడ ఇంటింటా రంగుచేపల వ్యాపారమే కాబట్టి ఆశ్చర్యం లేదు. నేను చూసిన తొట్టెల్లో కొన్ని చేపలు మూలకి చేరి, పైపైన గస పెడుతున్నాయి. ఒకదాని ఒంటి మీద తెల్లటి జిగురు పొర. సముద్రంలో పట్టి తెచ్చిన క్లౌన్‌లకి బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి జబ్బు తరచూ వస్తుంది, ఒకటీ రెండు రోజుల్లో తొట్టె తుడిచిపెట్టేస్తుంది. దుకాణదారుడు అవి కనపడకుండా ఉండాలని కాబోలు, ఆ తొట్టె లైటు ఆపేసి ఉంచాడు.

వాటిలో ఒక దుకాణం నడిపే పెద్దాయన ఓపికగా మాట్లాడాడు. విషయం చెప్పగానే నవ్వి, "చెన్నైలో నూటయాభైకి వచ్చేస్తాది మాస్టారూ. మరి మీరెంతకిస్తారు?" అన్నాడు. బేరానికి ఆయన ఆయుధం అదొక్కటే, నూటయాభై.

"నూటయాభై అక్కడి రేటండి. ఇక్కడికి వచ్చాక, బతికాక ఎంత పడుతోంది?" అన్నాను.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పాత బిల్లు ఒకటి వెనక్కి తిప్పి పెన్ను నాకే ఇచ్చాడు. ఇరవై చేపలు, నూటయాభై చొప్పున మూడు వేలు. ఆక్సిజన్ ప్యాకింగు, థర్మోకోల్ పెట్టె, బస్సు పార్సిల్, ఆటో కలిపి తొమ్మిది వందలు. మొత్తం మూడు వేల తొమ్మిది వందలు. "దారిలో ఎన్ని పోతాయి?" అంటే "నాలుగు పోతాయనుకోండి" అన్నాడు. "మొదటి వారంలో?" "ఇంకో నాలుగు." మిగిలింది పన్నెండు. ఒక్కోటి మూడు వందల ఇరవై ఐదు. ఆ అంకె కింద ఆయనే రెండు గీతలు గీశాడు. "అందుకేనేటి ఎంత అమ్మినా చేతిలో ఏమీ మిగల్దు" అన్నాడు, నాతో కాదు, కౌంటర్ వెనక ఉన్న కొడుకుతో.

మా రేటు ఆ కాగితం మీదే పుట్టింది. చెన్నై రేటుతో పోటీ పడి నేను నూట నలభై అని ఉంటే జన్మలో ఆ రేటు దాటేవాణ్ణి కాదు. బతికిన చేపతో బతికిన చేపని పోల్చాలి. రెండు వందల యాభై అడిగాను, రెండు వందల ఇరవైకి తెగింది. అది నగదు రేటు. డబ్బుకి బదులు సరుకు తీసుకుంటే రెండొందల యాభై. ఈ రెండో పద్ధతి ఇద్దరికీ గిట్టుబాటు. ఉప్పు, ఫిల్టర్ స్పాంజి, హీటర్ నేను ఎలాగూ కొనేవే. ఆయనకి అవి కొన్న ధరకే పడతాయి కాబట్టి నాకు ముప్పై ఎక్కువ ఇచ్చినా జేబుకి నొప్పి ఉండదు. ఒకసారి సరుకు కింద పగడపు ముక్క ఇవ్వబోయాడు, అందంగానే ఉంది. వద్దన్నాను. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, కొన్నా అమ్మినా నేరమే. క్లౌన్‌ఫిష్‌కి పగడమూ అక్కర్లేదు, సముద్రంలో అది దాక్కునే ఎనిమోనీ అక్కర్లేదు. మా ఇంట్లో పుట్టినవి చాలావరకు మట్టికుండ పెంకునే ఇల్లనుకుంటాయి.

రేటు తెగడం ఒక ఎత్తు, ఆ రేటు నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. మా చేపలు బతుకుతాయని చెప్పి అమ్మాను కదా, అవి ఆయన తొట్టెలో చచ్చిపోతే మా లెక్క అక్కడితో చెల్లు. కాబట్టి ఇచ్చే ముందు ఆయన తొట్టె నీళ్లని ఉప్పదనం (సాలినిటీ) కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూశాను. 1.018. మా ఇంట్లో 1.025. ఇది ఆయన తప్పు కాదు. చాలా దుకాణాల్లో ఉప్పు కలిసొస్తుందని, పరాన్నజీవులు కాస్త అదుపులో ఉంటాయని సాలినిటీ తగ్గించే నడుపుతారు. ఎక్కువ ఉప్పులోంచి తక్కువ ఉప్పులోకి చేప తొందరగానే సర్దుకుంటుంది, పైకి ఎక్కించడమే నెమ్మదిగా చేయాలి. అయినా సంచి విప్పి గుమ్మరించే అలవాటున్న చోట అదృష్టం మీద ఆధారపడటం ఎందుకని, అమ్మబోయే చేపల్ని వేరే తొట్టెలో పెట్టి, మంచినీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ కొన్ని రోజుల ముందే 1.018కి దింపేశాను. ఆయన తొట్టె నీళ్లకి నా చేపని ఇంటి దగ్గరే సిద్ధం చేసి పంపడం, అంతే. సంచి మీద పెన్నుతో సాలినిటీ రాసిస్తాను. ఇప్పుడు ప్రతి దుకాణానికీ ఇలాగే. ఇది ఎవరూ అడగరు, కానీ నా రెండొందల ఇరవైలో సగం విలువ దీనిదే అని నా నమ్మకం.

మొదటి విడత ఆరే ఇచ్చాను. సంచి తేలేసి, నీళ్లు కలిపి, వదిలిన కాసేపటికి ఆయన చిటికెడు గుళికల మేత తెచ్చి నీళ్ల మీద చల్లాడు. ఆరూ పైకొచ్చి టపటపా అందుకున్నాయి. పట్టి తెచ్చిన చేప చాలాసార్లు రోజుల తరబడి గుళిక ముట్టదు. ఆయన ఇంకో చిటికెడు వేశాడు. అదీ తిన్నాయి. "ఏటండీ, వచ్చిన రోజే తినేస్తన్నాయి!" అని కొడుకుని పిలిచి చూపించాడు. ఆ తర్వాత కొనడానికి ఎవరొచ్చినా ఆయన చేసే పని అదే, చిటికెడు మేత వేసి చూపించడం. మేత ఎక్కువై నీళ్లు పాడవుతాయేమోనని నాకు టెన్షన్.

ఇంకో దుకాణంలో వ్యవహారం ఇలా సాగలేదు. అమ్మాక డబ్బులిస్తానన్నాడు. సరే, చూద్దామని కొన్ని పెట్టాను. వాటిని పెద్ద డామ్సెల్‌లు, అంటే పక్క చేపల్ని తరిమి కరిచే ఉప్పునీటి చేపలు, ఉన్న తొట్టెలో వేశాడు. అంగుళం పిల్ల, మూడంగుళాల డామ్సెల్, ఇక చెప్పేదేముంది. రెక్కలు చిరిగి రెండు పోయాయి, మిగతావి మూలకి చేరి మేత మానేశాయి. ఫోన్ చేస్తే "మీ చేపలు వీకండి" అన్నాడు. చచ్చిన చేపకి డబ్బు రాదు, బతికిన చేపకి ఎప్పుడొస్తుందో తెలియదు. బతికినవి వెనక్కి తెచ్చుకున్నాను. అప్పటినుంచి మాట ఒకటే: డబ్బు గానీ సరుకు గానీ ఇచ్చిపుచ్చుకోవడం అక్కడికక్కడే. మూడు రోజుల్లో చేప పోతే ఫోటో పంపితే చాలు, బదులు చేప ఇస్తాను, డబ్బు ఇవ్వను. డామ్సెల్‌లతో గానీ పెద్ద క్లౌన్‌లతో గానీ కలిపితే ఆ హామీ వర్తించదు. వినడానికి కరుకుగా ఉన్నా, ఇలా చెప్పినందుకు దూరమైన దుకాణాలు లేవు. మొహమాటపడి వాయిదా వేసి ఉంటే గొడవలయ్యేవి.

రేటు అంతటా ఒక్కటి కాదు. చారలు నిండుగా రానివి, మధ్య చార సగంలో తెగినవి ప్రతి దఫాలోనూ కొన్ని ఉంటాయి. దుకాణానికి అవి నూటయాభైకే వెళ్తాయి, ఎందుకంటే దుకాణానికొచ్చే చిన్నపిల్లలు అడిగేది సినిమా బొమ్మలో ఉన్న నీమోనే. కానీ అలవాటైన హాబీవాళ్లు ఆ వంకర చారలనే ఏరి ఏరి కొంటారు, కాబట్టి విచిత్రంగా ఉన్నవాటిని దుకాణానికి పంపను. ఇంకోటి "జత". ఏ రెండు చేపల్ని ఒక సంచిలో వేసినా జత అని రేటు పెంచి అమ్మడం మామూలే. క్లౌన్‌ఫిష్ ముందు మగదే, గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదవుతుంది. పిల్లలకి ఆడా మగా ఇంకా తేలదు. కాబట్టి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఇచ్చి "ముందుముందు జతవుతాయి" అని చెబితే నిజం. గుడ్లు పెట్టిన జత అంటే అది వేరే సరుకు. ఏడాది పైగా మేపితే గానీ అక్కడికి రాదు. దాన్ని రెండొందల ఇరవై ఇంటూ రెండు అని అడిగేవాళ్లకి దండం పెట్టేస్తాను.

హాబీవాళ్లు నేరుగా వాట్సాప్‌లో అడుగుతారు, "షాపులో ఐదొందలు, మీ దగ్గర మూడొందలకి ఇచ్చేయండి" అని. ఇవ్వను. నేరుగా కొనేవాళ్లకి నా రేటు కూడా దుకాణంలో చెప్పే ఐదొందలే. రెండొందల ఇరవైకి నా దగ్గర కొని, తొట్టె నడిపి, కరెంటు కట్టి ఐదొందలకి అమ్మేవాడి కస్టమర్‌ని వెనకనుంచి లాగేస్తే రెండో విడత తీసుకుంటాడా?

ఎండాకాలం మాత్రం ఏ లెక్కా పనిచేయదు. ఏప్రిల్ చివర నుంచి నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేని తొట్టెల్లో వేడి ముప్పై రెండు డిగ్రీలు దాటేస్తుంది, దుకాణాలవాళ్లు ఉప్పునీటి చేపలు దింపరు. ఆ నెలల్లో నా దగ్గర ఆగిపోయిన ప్రతి పిల్లా మేత తింటూనే ఉంటుంది, దాని ఖర్చు నూట ఇరవై కాస్తా నూట అరవై అవుతుంది. అంగుళంన్నర అయినందుకు కాస్త ఎక్కువ ఇస్తారు గానీ మేపిన ఖర్చంతా రాదు. అందుకని ఫిబ్రవరి తర్వాత పెట్టిన గుడ్ల పిల్లల్ని చాలావరకు పెంచను. పిల్లల్ని వేరే తొట్టెలోకి తీయకపోతే పెద్ద చేపలే తినేస్తాయి. మొదట్లో మనసొప్పేది కాదు, మా ఆవిడకైతే ఇప్పటికీ ఒప్పదు.

ఊళ్లో దుకాణాలు మోసేంతే మోస్తాయి. ఒక్కో దుకాణం రెండు మూడు వారాలకి ఎనిమిదో పదో. మిగిలినవి హైదరాబాద్ పంపుతాను. ముందు రోజు మేత ఆపాలి, లేకపోతే సంచిలోనే విసర్జించి అమ్మోనియాతో చస్తాయి. ఒక్కో సంచిలో ఒక్క చేపే, మూడోవంతు నీళ్లు, మిగతా ఆక్సిజన్, థర్మోకోల్ పెట్టెలో రాత్రి బస్సుకి. రేటు ఇక్కడి రేటే, పార్సిల్ ఖర్చు కొనేవాళ్లది. పొద్దున్నే సంచులన్నీ లైటు కింద పెట్టి వీడియో తీసి పంపమంటాను, బతికినవి లెక్కపెట్టుకుంటాం. సముద్రం లేని ఊళ్లో ఉప్పునీటికి అయ్యే ఖర్చు వాళ్లకి బాగా తెలుసు కాబట్టి మా పెద్దాయనంత గీసి బేరమాడరు.

ఈ మధ్య ఆయన నల్లవి కావాలంటున్నాడు, నల్లటి ఒంటి మీద తెల్ల చారలున్న క్లౌన్‌లు. దుకాణంలో వాటి రేటు రెట్టింపు పైనే. ఆ రకం జత కొనాలంటే ముందే పెద్ద మొత్తం పెట్టాలి, ఏడాది మేపాలి. ఈలోగా కొళత్తూర్‌లో అందరూ అదే మొదలుపెడితే రేటు ఎక్కడుంటుందో. అడ్వాన్స్ ఇస్తే తెస్తానన్నాను. "చూద్దాం మాస్టారూ" అన్నాడు. ఆయన బిల్లు వెనక్కి తిప్పి పెన్ను చేతికిచ్చేదాకా నేనూ చూస్తాను.