ఆరున్నర వేల పలక మీద పాత పుస్తకం: ఇప్పటికి 143 పేజీలు

మార్చి, మొదటి ఆదివారం

ట్యాబ్ వచ్చి వారమైంది. ఎనిమిది అంగుళాలది, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజి, 6,500 పడింది. కంపెనీ పేరు చెప్పను, ఈ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఇదే మాదిరి ఉంటాయి, పేరు మారినా తిట్లు మారవు. మా అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఏందిరా ఇది, పలకనా? మరి బలపం యాడ?" అనింది. అప్పట్నుంచి ఇంట్లో దీని పేరు పలకే.

కొన్నది సినిమాల కోసం కాదు. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల సైటులో పాత పుస్తకాల స్కాన్లు ఉంటాయి కదా, ఆ బొమ్మను చూస్తూ పక్కన ఉన్న అక్షరాల్లో తప్పులు దిద్దే పని ఏడాదిగా ఫోన్‌లో చేస్తున్నా. కళ్లు లాగేస్తున్నాయి. లాప్‌టాప్ మాట ఇప్పట్లో లేదు. ఎరువుల అంగట్లో లెక్కలు రాసి రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటికొస్తా, తిన్నాక మిగిలేది గంటన్నర, ఆ గంటన్నరలో ఎన్ని పేజీలవుతాయో రాసుకుందామనే ఈ చిట్టా.

పట్టుకున్నది 1920ల నాటి 212 పేజీల పుస్తకం. రచయిత పోయి 60 ఏళ్లు దాటింది కాబట్టి కాపీరైటు గొడవ లేదు. అక్కడ పేజీ మొదట ఎర్రగా ఉంటుంది, ఒకరు దిద్దితే పసుపు అవుతుంది, ఇంకొకరు మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చ. నా వంతు పసుపు దాకానే.

మొదటి వారం అయినవి 4 పేజీలు. నవ్వొద్దు.

మార్చి, రెండో వారం

నాలుగు పేజీలే ఎందుకయ్యాయంటే, మూడు పేజీలు రెండేసి సార్లు చేశా. పేజీ దిద్దుతూ ఉంటే ఒక పదం అర్థం కాలేదు, ఆంధ్రభారతి నిఘంటువులో వెతుకుదామని బ్రౌజర్‌లోనే ఇంకో పేజీ తెరిచి, చూసుకుని వెనక్కొస్తే పాత పేజీ తెల్లగా మెరిసి మళ్లీ మొదట్నుంచి లోడైంది, అరగంట కష్టం గాలికి పోయింది. 2 జీబీ ర్యామ్‌లో సగానికి పైగా ఆండ్రాయిడే తింటుంది, బ్రౌజర్‌కు మిగిలిన దాంట్లో రెండో పేజీ తెరవగానే మొదటిదాన్ని బయటకు నెట్టేస్తుంది. అది లోపం కాదట, పద్ధతేనట! మూడోసారి కూడా అట్లే పోయాక బుద్ధొచ్చింది.

ఇప్పుడు చేస్తున్నది ఇది. నిఘంటువు ఫోన్‌లో, పని పలకలో, రెండూ ఒకదాంట్లో కలపను. ప్రతి పేరా అయ్యాక మొత్తం ఎంచుకుని కాపీ కొడతా, సగం పేజీ అయితే సేవ్ చేసేస్తా, అసంపూర్తిగా ఉన్నా ఎర్రగా ఉంచి సేవ్ చేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. సెట్టింగుల్లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి, అందులో యానిమేషన్ స్కేళ్లు, అంటే తెర మీది కదలికలు ఎంతసేపు సాగాలనేవి, మూడూ 0.5కు తగ్గించా. వేగం నిజంగా పెరగలేదు గానీ పెరిగినట్టు అనిపిస్తుంది, నాకు అదీ చాలు. కంపెనీవాళ్లు ముందే వేసిన ఆటలు, వార్తల యాప్‌లు తీయడానికి కుదరదు, డిసేబుల్ మాత్రం చేయొచ్చు. పదకొండు చేశా.

ఈ వారం 9.

మార్చి నెలాఖరు

కీబోర్డు సంగతి. తెర మీద కీబోర్డు పైకొస్తే అడ్డంగా పట్టుకున్నప్పుడు సగం తెర పోతుంది, మిగిలిన సగంలో స్కాను, అక్షరాలు రెండూ ఇరుక్కుంటాయి. నిలువుగా పట్టుకుంటే స్కాను మరీ చిన్నది. అంగట్లో పాత కంప్యూటర్‌ది వైరు కీబోర్డు మూలన పడి ఉంటే సేటును అడిగి తెచ్చుకున్నా, దాన్ని ట్యాబ్‌కు తగిలించే ఓటీజీ ముక్క 120 పెట్టి కొన్నా, గుచ్చగానే పనిచేసింది. ఇన్ని రోజుల్లో ఈ పలక నన్ను సంతోషపెట్టిన రోజు అదొక్కటే.

తెలుగు టైపింగుకు విడిగా ఏ యాప్ అక్కర్లేదు, వికీసోర్స్ పేజీలోనే కీబోర్డు గుర్తు ఉంటుంది, కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కితే తెలుగు ఇంగ్లీషు మారుతుంది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే లిప్యంతరీకరణ తేలిక, కానీ నేను తెలుగు అక్షరాలకు విడిగా మీటలుండే ఇన్‌స్క్రిప్ట్ పట్టుబట్టి నేర్చుకుంటున్నా. పాత పుస్తకాల్లో అరసున్నలు, బండి ఱలు ఉప్మాలో ఆవాల్లాగా ఉంటాయి, ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్ పట్టుకుని ఎక్స్ కొడితే అరసున్న, షిఫ్ట్ పట్టుకుని జె కొడితే ఱ. మొదటి పది రోజులు వేళ్లు తిట్టుకున్నాయి.

ఒక్కటే బాధ, ఉన్నది ఒకే పోర్టు. కీబోర్డు గుచ్చితే చార్జింగు లేదు, చార్జింగు పెడితే కీబోర్డు లేదు. 4000 ఎంఏహెచ్ బ్యాటరీ, గంటన్నరకు 35 నుంచి 40 శాతం దిగుతుంది, కాబట్టి రోజూ మధ్యాహ్నం ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చార్జింగు పెట్టాలి. అవ్వకు అప్పజెప్పా. మరిచిపోదు, కానీ నూరు శాతం అయినా తీయదు.

నెల మొత్తం 31.

ఏప్రిల్, మధ్యలో

ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలను యంత్రమే చదవడం, దాని గురించి అడిగేవాళ్ల కోసం. అంతా టైపు చేయనక్కర్లేదు, ఎడిట్ పేజీలో ఓసీఆర్ బొత్తాం ఉంటుంది, నొక్కితే స్కానులోని అక్షరాలు వచ్చి పడతాయి. ఆ లెక్కంతా వాళ్ల సర్వర్ల మీద జరుగుతుంది, మన చేతిలోది ఎంత నాసిరకమైనా తేడా రాదు. ఇట్లాంటి బక్క ట్యాబ్ మీద ఈ పని సాగుతోందంటే ఆ ఒక్క కారణమే.

వచ్చిన అక్షరాల్లో తప్పులు మాత్రం భలే ఉంటాయి. అప్పటి అచ్చులో అరసున్న పక్కన చిన్న వంపుగీతలా ఉంటుంది, యంత్రం దాన్ని ఇంగ్లీషు సి అనుకుంటుంది, ఒక్కోసారి బ్రాకెట్ అనుకుంటుంది. మ, య రెండూ ఒకటే అనుకుంటుంది. అన్నిటికంటే గమ్మత్తు వలపలగిలక. ఇప్పుడు మనం ధర్మము అని రాసేదాన్ని అప్పుడు మ తర్వాత గిలక పెట్టి అచ్చేసేవాళ్లు, ఆ గిలక అచ్చం తెలుగు తొమ్మిది అంకె మాదిరి ఉంటుంది. దాంతో ప్రతి పేజీలోనూ "ధమ౯ము", "కమ౯ము" అని వచ్చి పడతాయి. మొదట్లో పేజీ సంఖ్యలేవో మధ్యలో దూరాయనుకుని తీసేశా, ఆరు పేజీల్లో రకారాలన్నీ ఎగిరిపోయాయి. మళ్లీ వెనక్కెళ్లి దిద్దుకున్నా. మీరు మొదలుపెడితే ౯ కనబడగానే చెరపొద్దు, ముందు స్కాను చూడండి.

స్కాను చూడటానికి 1280, 800 చుక్కల తెర ఎనిమిది అంగుళాల్లో అంటే అంగుళానికి 189 చుక్కలు. అచ్చు పుస్తకానికి సరిపోతుంది, అడుగున ఉండే పాదసూచికలకు చాలదు, వాటికి వేళ్లతో సాగదీయాల్సిందే. మామూలుగా చదువుకునేటప్పుడు పీడీఎఫ్ చుట్టూ ఉన్న ఖాళీ అంచులు కత్తిరిస్తే అక్షరం చాలా పెద్దదవుతుంది. కేఓరీడర్ అని ఉచిత యాప్ ఉంది, అంచులు తనే కోస్తుంది, మసక స్కానుకు నలుపు పెంచుకోవచ్చు కూడా.

ఏప్రిల్, నెలాఖరు

ఈ వారం మెమరీ కార్డుతో పోయింది. రోడ్డు పక్క దుకాణంలో 256 జీబీ అన్నారు, 350 అన్నారు, నా ఆశ ఊరుకోదు కదా. పెట్టగానే 256 అనే చూపించింది. దించుకున్న స్కాన్లు ఓ పది జీబీ దాకా పోశా, కాపీ అయిందనే చెప్పింది, తీరా తెరిస్తే మొదట వేసినవి తప్ప ఏవీ తెరుచుకోవు. చిన్న కార్డు లోపలి చిప్పులో పెద్ద సైజని అబద్ధం రాసి పెడతారట, నిజమైన జాగా నిండాక రాసేదంతా ఎక్కడా నిలవదు. కొత్త కార్డు తెచ్చిన రోజే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటిది నడిపితే కార్డంతా రాసి తిరిగి చదివి అసలు సైజు చెప్పేస్తుంది. నేను తెచ్చిన మూడు వారాలకు నడిపా. 7 జీబీ చిల్లర! తిరిగి ఇవ్వబోతే "తీసుకునేటప్పుడు బాగానే చూపించింది కదన్నా" అన్నాడు, అదీ నిజమే మరి.

ఈ నెల 52, మొత్తం 83.

మే

కడపలో మే నెల గురించి కొత్తగా చెప్పేదేముంది. మిద్దె మీది రేకుల గదిలో రాత్రి పది గంటలకు కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం, నా బల్ల ఉన్నది ఆ గదిలోనే. చార్జింగు పెడితే ఓ పావుగంటకు ఆగిపోతోంది, తీసి పెడితే మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ ఆగుతుంది. చార్జర్ పోయిందనుకుని కొత్తది కొనబోయా. తర్వాత తెలిసింది, లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జి చేయకూడదు, లోపల వేడి కొలిచే ముక్క అదే ఆపేస్తుంది. అంటే ఈ పలక చేసిన తెలివైన పని అదొక్కటీ, నేను దాన్నే తిట్టా.

మందు మా వంటింట్లోనే ఉంది. గట్టు కడప బండ. ఊరి పేరు పెట్టుకుని దేశమంతా తిరిగే రాయి, మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. రబ్బరు కవరు తీసేసి ఆ బండ మీద పెట్టి చార్జింగు చేస్తే ఒక్కసారి కూడా ఆగలేదు. ఫ్రిజ్‌లో పెట్టమని ఒకాయన సలహా ఇచ్చాడు, అది మాత్రం చేయొద్దు, బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. బండతో ఇంకో ఉపయోగం, నునుపైన బండ మీద ట్యాబ్ పెట్టి మూలన నొక్కితే అటూ ఇటూ ఊగిందంటే బ్యాటరీ ఉబ్బుతోందని అర్థం, ఇంక వాడకూడదు. నాది ఇంకా ఊగలేదు, ఆదివారం ఆదివారం చూస్తున్నా.

చార్జింగు పెట్టి తెర ముట్టుకుంటే కర్సర్ దానంతట అదే ఎగురుతోంది, ఒక పేజీలో నేను పెట్టని చోట మూడు లైన్లు ఎంచుకుని చెరిపేసింది. టచ్ పాడైందని అనుకున్నా కానీ చార్జర్ తీస్తే మామూలే. చవక చార్జర్ల నుంచి వచ్చే విద్యుత్ రొదకు టచ్ తెర గందరగోళపడుతుంది. మంచి ఫోన్ చార్జర్‌తో పెట్టి చూస్తే తగ్గింది, పూర్తిగా పోలేదు.

సెలవులు కాబట్టి పగలంతా పాప చేతిలో పలక. రాత్రికి 12 శాతంతో నా దగ్గరకొస్తుంది, తెర మీద మామిడిపండు రసం. ఈ నెల 24 మాత్రమే, మొత్తం 107.

జూన్, మూడో వారం

అంగడికి పోయేది ఎర్రముక్కపల్లె మీదుగా, బ్రౌన్ గ్రంథాలయం ముందు నుంచే. తెలుగు నిఘంటువు రాసిన ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ పేరు మీదిది అది. 1820లో ఆయన కడపకు వచ్చాక ఇక్కడే బంగళా కొని, జీతాలిచ్చి పండితుల్ని పెట్టుకుని, ఒకే కావ్యానికి నాలుగైదు తాళపత్ర ప్రతులు పక్కపక్కన పెట్టించి తేడాలు రాయించేవాడు. ఈ మధ్య నాకు ఆ పండితుల మీద ఆసక్తి ఎక్కువైంది. వాళ్లకూ సాయంత్రానికి కళ్లు లాగేవేమో, వాళ్లూ ఎవరినో తిట్టుకునేవాళ్లేమో. ఈ మధ్యే 131వ పేజీలో ఒక పదం ఏ నిఘంటువులోనూ దొరక్క చివరికి బ్రౌన్ దాంట్లోనే దొరికింది, 1852 నాటిది. ఫోన్‌లో చూశాలెండి.

88, 89 పేజీలు స్కానులో లేవు, తిప్పేటప్పుడు రెండు ఆకులు కలిసిపోయాయి. ఇంకో ప్రతి స్కాను ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో దొరికింది, అందులో ఆ పేజీలు బాగున్నాయి గానీ అది తర్వాతి ముద్రణ, అరసున్నలు లేవు. రెండు ముద్రణలు కలపడం తప్పు, అందుకని ఆ రెండూ పక్కన పెట్టి చర్చా పేజీలో రాసి ఉంచా, ఎవరి దగ్గరైనా మొదటి ముద్రణ ఉంటే చెప్పమని.

ఈ నెల ఇప్పటికి 36. మొత్తం 143 పసుపు, అందులో 20 వేరే ఎవరో ఆకుపచ్చ కూడా చేసేశారు, వాళ్లెవరో తెలియదు, నా ౯లు రెండు మిగిలిపోతే అవీ దిద్దారు. పోర్టు వదులవుతోంది, కీబోర్డు వైరు కాస్త కదిలితే కనెక్షను పోతోంది, ప్రస్తుతానికి వైరు కింద మడిచిన అట్టముక్క పెట్టి నడిపిస్తున్నా. తర్వాతి పేజీ మొత్తం పట్టిక, పట్టికలంటే ఈ తెర మీద నరకం. రేపు చూద్దాం. 31 శాతం ఉంది, బండ మీద పెట్టి పడుకుంటున్నా.