ముఖం చాటేసి ఉపవాసమా?

శ్రమకాలం, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలం, దగ్గర పడిందంటే మన గుడి వాకిట్లో అందరి నోటా ఒకటే ప్రశ్న. "ఈసారి ఏం మానేస్తున్నారు?" ఒకరు నీచు మానేస్తామంటారు, ఒకరు టీ, ఇంకొకరు సీరియళ్లు. కుర్రాళ్లు ఇన్‌స్టా మానేస్తున్నారట, ఆ ముక్క ఇన్‌స్టాలోనే పెట్టి మరీ. గడ్డం పెంచేవారు, చెప్పుల్లేకుండా తిరిగేవారు, నలభై రోజులూ తెల్లచీరే కట్టేవారు ఎప్పుడూ ఉన్నారు. వాళ్లను వెక్కిరించను. మా ఇంట్లోనూ మంగళవారం రాత్రితో కోడికూర గిన్నె అటక ఎక్కుతుంది.

ఈ 2026లో శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది. దానికి మూడు రోజుల ముందు మహాశివరాత్రి. నెలవంక కనబడటాన్ని బట్టి రంజాను కూడా ఆ వారంలోనే మొదలు. మన వీధిలో సగంమంది ఏదో ఒక దేవుని పేర కడుపు మాడ్చుకునే వారం అన్నమాట. ఉపవాసం ఉండటం మనకొక్కరికే చేతనైన విద్య కాదని గుర్తు చేసుకోవడానికి ఇంతకన్నా మంచి ఏడాది దొరకదు. పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా ముట్టని పక్కింటి సాయిబుగారి ముందు మన "టీ మానేశానండీ" ఏపాటిది?

అసలు నా బాధ మానేసేవాటి గురించి కాదు. శ్రమకాలానికి సంఘం ఎలా తయారవుతుందో కమిటీలో కూర్చున్నవాళ్లకు తెలుసు. బల్లమీది ఊదారంగు బట్ట ఉతికించాలి. నిరుడు మట్టల ఆదివారం ఇంటికి తీసుకెళ్లిన మట్టలు తెచ్చివ్వమని ఆదివారం ప్రకటన చేయాలి, కాల్చి బూడిద చేయడానికి. మంచి శుక్రవారం, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఎవరెవరు ప్రసంగం చెప్పాలో తేల్చాలి. అక్కడ కాస్త గొడవ మామూలే, నాలుగో మాట అందరికీ కావాలి, అయిదో మాట ఎవరికీ అక్కర్లేదు. ఆ తర్వాత కాటేజీ ప్రార్థనల పట్టిక, అంటే ఏ రోజు ఎవరింట్లో ప్రార్థన పెట్టాలన్నది. అది వేసేటప్పుడు చూడాలి. "బుధవారం వాళ్లింట్లో పెడితే వీళ్లు రారండీ." "అయితే వీళ్లింట్లో శుక్రవారం పెడదాం, అప్పుడు వాళ్లు రాకపోయినా పట్టింపు ఉండదు." సెక్రటరీ గారు పెన్సిల్‌తో కొట్టేస్తూ, రాస్తూ, మళ్లీ కొట్టేస్తూ ఉంటారు. ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆయనకు కంఠతా వచ్చు. చివరికి ఎవరూ ఎవరి గడపా తొక్కనక్కర్లేకుండా నలభై రోజుల ప్రార్థనలు చక్కగా కుదురుతాయి. పగవాళ్లు ఎదురుపడకుండా వేసిన పట్టికకు పైన "శ్రమకాల ధ్యానములు" అని పేరు పెట్టి, సిలువ బొమ్మ వేసి, ఫ్లెక్సీ కొట్టిస్తాం.

ఇక భస్మ బుధవారమో ఆ వారంలోనో బైబిలులోని యెషయా 58వ అధ్యాయం చదువుతాం. కతోలిక సహోదరులైతే ఆ శుక్రవారం, శనివారం రెండు రోజులకు పంచుకుని చదువుతారు. "మీరు కలహపడుచు వివాదము చేయుచు" ఉపవాసముంటున్నారని నాలుగో వచనం. ఆకలిగొన్నవానికి అన్నం, దిక్కులేనివానికి ఇల్లు, బట్ట లేనివానికి బట్ట అని ఏడో వచనం. ఆ వచనం మీద వినని ప్రసంగం లేదు. దాన్ని బట్టే పులిహోర పొట్లాలు పంచుతాం, బస్టాండులో దుప్పట్లు కప్పుతాం. మంచిదే. కాని అదే వచనంలో ఇంకో మాట ఉంది: "నీ రక్త సంబంధికి ముఖము తప్పింపకుండుటయు." దీని మీద ప్రసంగం ఎన్నిసార్లు విన్నారో గుర్తు చేసుకోండి. ఆ వచనంలో కనబడేవాళ్లంతా మనకు పరాయివాళ్లే, ఆ ఒక్కడు తప్ప. దుప్పటి కప్పించుకున్న ముసలాయన మన పాత లెక్కలు తియ్యడు. "మా నాన్న పొలం సంగతేంటి" అని అడగడు. పొట్లం తీసుకుని దండం పెట్టి పోతాడు. అన్నదమ్ముడు అలా పోడు. అందుకే దేవుడు ఉపవాసం లెక్కలో అతన్ని కూడా కలిపాడని నాకనిపిస్తుంది.

ముఖం తప్పించుకోవడం అనే పాపం గురించి లేఖనం ఎంత చెప్పిందో వెతుక్కుంటూ పోతే ఊపిరాడదు. దావీదు రాజునే తీసుకోండి. భస్మ బుధవారం మనం మోకాళ్ల మీద చదివే 51వ కీర్తన ఆయనది. "నీ సన్నిధిలోనుండి నన్ను త్రోసివేయకుము" అని ఏడ్చాడు. అలా ఏడ్చినవాడే తర్వాత సొంత కొడుకును ఏం చేశాడు? ఆ కొడుకు అబ్షాలోము తప్పు చేసి పారిపోయాడు, నిజమే. సేనాపతి యోవాబు మధ్యలో పడి తీసుకొచ్చాడు. రాజు ఊళ్లోకి రానిచ్చాడు గాని, నా ముఖం మాత్రం చూడకూడదన్నాడు. రెండు నిండు సంవత్సరాలు యెరూషలేములోనే ఉండి కొడుకు తండ్రి ముఖం చూడలేదని రెండో సమూయేలు 14లో ఉంది. ఒకే ఊరు. బహుశా ఒకే గుడారం దగ్గర ఆరాధన. కొడుకు విసిగిపోయి, పిలిచినా రాని యోవాబు చేలో నిప్పు పెట్టించాక గాని కబురు కదల్లేదు. చివరికి రాజు ముద్దు పెట్టుకున్నాడు, కాని అప్పటికే ఆలస్యమైందని, కొడుకు తండ్రి మీదే తిరగబడ్డాడని తర్వాతి అధ్యాయం చెబుతుంది. దేవుని ముఖం కోసం కన్నీళ్లు పెట్టుకున్నవాడు తన ముఖం కొడుకుకు దాచాడు. దావీదు అంతవాడే ఇలా చేస్తే మనమెంత అనుకుంటారేమో. అలా అనుకోవడానికి కాదు అది రాయించింది.

యాకోబు సంగతి దీనికి సరిగ్గా అవతలి వైపు. యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాడి, దేవుని ముఖాముఖిగా చూశానని ఆ చోటికి పెనూయేలని పేరు పెట్టాడు. తెల్లారింది. కుంటుకుంటూ నడిచాడు. ఎదురుగా ఇరవై ఏళ్లుగా తాను తప్పించుకు తిరిగిన అన్న ఏశావు, నాలుగు వందల మందితో. ఏశావు పరుగెత్తి వచ్చి మెడ మీద పడ్డాక యాకోబు అన్న మాట: "దేవుని ముఖము చూచినట్లు నీ ముఖము చూచితిని." రాత్రి దేవుని ముఖం చూసినవాడు పొద్దున్నే అన్న ముఖంలో అదే చూశాననడం చిన్న మాటా? యాకోబు కొడుకు యోసేపు ఐగుప్తులో అధికారిగా ఉండి తన అన్నలతో అన్నదీ ఇలాంటిదే. మీ తమ్ముడు మీతో ఉంటేనే గాని నా ముఖం చూడకూడదన్నాడు. ఐగుప్తులో ధాన్యం కోసం పోయినవాళ్లకే తమ్ముణ్ణి తీసుకురమ్మన్న షరతు ఉంటే, ప్రభువు బల్ల దగ్గరికి పోయే మనకు ఉండదా? మత్తయి 5లో ఆ షరతు ప్రభువు తన నోటితో తానే పెట్టాడు. అర్పణ అక్కడే వదిలిపెట్టి, మొదట వెళ్లి సమాధానపడి, తర్వాత రమ్మన్నాడు.

మన పితరులకు ఇది తెలుసు. క్రైస్తవ విశ్వాస ప్రమాణాన్ని రాసిన బిషప్పుల కూడిక, నైసియా మహాసభకు 1700 ఏళ్లు నిండాయని నిరుడు అన్ని సంఘాలూ పండుగ చేశాయి. విశ్వాస ప్రమాణం గురించి చాలా చెప్పుకున్నాం. 325లో ఆ సభ చేసిన అయిదో కట్టడ గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు. సంఘంలోనుంచి వెలివేయబడ్డవాడు నిజంగా తప్పు చేశాడా, లేక ఎవరో బిషప్పు చిన్నబుద్ధితో, పంతంతో వెలివేశాడా అని విచారించడానికి ఏడాదికి రెండుసార్లు బిషప్పులు కూడుకోవాలన్నది ఆ కట్టడ. ఒక కూడిక ఎప్పుడుండాలి? నలభై దినాలకు, అంటే శ్రమకాలానికి, ముందు. ఎందుకు? మనస్పర్థలన్నీ తీసేసుకుని దేవునికి శుద్ధమైన అర్పణ అర్పించడానికి. నలభై దినాలనే మాట సంఘ చరిత్రలో మొట్టమొదట కనబడే చోట్లలో ఇదొకటి, అక్కడ నీచు గురించి ఒక్క ముక్క లేదు. పగ తీర్చుకోవడం కాదు, పగ తీసేసుకోవడం ఉంది. కేరళలో ఎక్కువగా ఉండే సురియాని సంఘాలవారు ఈనాటికీ పెద్ద ఉపవాసం మొదటి సోమవారం ఒకరినొకరు క్షమాపణ అడిగే ఆరాధన చేస్తారు. మలయాళీ సహోద్యోగి ఎవరైనా ఉంటే అడగండి, చెబుతారు.

మనకు మాత్రం లేదా? సీఎస్‌ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, వాళ్లం గొప్పగా చెప్పుకునే 1950 నాటి ఆరాధన క్రమంలోనే ఉంది. కానుకకు ముందు సమాధానం, అంటే శాంతి, ఒకరికొకరు అందించుకోవాలి. పాస్టరు అయ్యగారు బల్ల దగ్గర మొదలుపెడతారు. కుడి అరచేయి కుడి అరచేతికి ఆనించి, ఎడమ చేతితో మూసి, ఒకరి నుంచి ఒకరికి, వరుస నుంచి వరుసకు వెనక దాకా పోవాలి. అలా పోతుంటే ఎక్కడ ఆగుతుందో ఎప్పుడైనా గమనించారా? నేను గమనించాను. మూడో వరుసలో ఉన్నట్టుండి ఒకాయనకు కీర్తనల పుస్తకంలో పేజీ దొరకదు. ఒకామెకు పిల్లవాడి ముక్కు తుడవాల్సిన పని పడుతుంది. సమాధానం అక్కడ ఒక మనిషిని దాటేసి అవతలివాళ్లకు అందుతుంది. ఈమధ్య చాలాచోట్ల ఆ గొడవే లేకుండా చేతులు జోడించి నాలుగు దిక్కులా తిరుగుతున్నాం. కరోనాలో మొదలైన అలవాటు, మనకు భలే కలిసొచ్చింది. అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టేస్తే ప్రత్యేకించి ఎవరికీ పెట్టనక్కర్లేదు కదా.

మా నాయనమ్మది డోర్నకల్ వైపు. అక్కడ బిషప్పుగా ఉన్న అజరయ్య గారి పేరు విని పెరిగిన తరం. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ప్రభువు కోసం పిడికెడు బియ్యం వేరే కుండలో వేసే అలవాటు ఆ తల్లులది. అయితే నాకు ఆమె బియ్యం కన్నా చింతపండే ఎక్కువ గుర్తు. తాతకూ వాళ్ల తమ్ముడికీ పంపకాల్లో ఒక చింతచెట్టు గట్టు మీద పడింది. నాదంటే నాదని ఇద్దరికీ మాటలు పోయాయి, ఆడవాళ్లకూ పోయాయి. బూడిద బుధవారానికి ముందురోజు సాయంత్రం నాయనమ్మ చిన్న గిన్నె పట్టుకుని తోడికోడలి గడపలో నిలబడిందట.

"చెల్లే, రేపు చారుకు చింతపండు లేదే. కొంచెం పెట్టు."

"చెట్టు మీదేనంటిరి గద అక్కా, మా దగ్గర యాడిది?"

"ఆ ముచ్చట మొగోళ్లు చూసుకుంటరు తియ్యి. నువ్వైతే చింతపండు పెట్టు."

గిన్నె నిండా పెట్టింది, మాట మాట్లాడలేదు. మరుసటేడు అదే రోజు ఆమే వచ్చిందట, ఉప్పు కోసం. చెట్టు తగువు మాత్రం తీరలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టునే కొట్టేశారు, అప్పటికి అన్నదమ్ములిద్దరూ లేరు.

నాయనమ్మ ఏదో పట్టుకుపోయి ఇవ్వలేదు, చెయ్యి చాచి అడిగింది. అదే నాకు ఎంతో నచ్చుతుంది. ఇచ్చేటప్పుడు మన చెయ్యి పైన ఉంటుంది. స్వీటు డబ్బా పట్టుకుపోయి గెలిచి రావచ్చు. అడిగినప్పుడు అవతలివాళ్లకు కాదనే హక్కు ఇచ్చినట్టు. తలుపు వేసుకున్నా వేసుకోవచ్చు. బావి దగ్గర సమరయ స్త్రీని మన ప్రభువు మొదట అడిగింది కూడా దాహానికి నీళ్లే.

ఒక మాట ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఈ వచనాన్ని పట్టుకుని పెద్దలు కొందరు బయల్దేరుతారు. తాగొచ్చి కొట్టే భర్త దగ్గరికి, "రక్షణ పొందావు గదమ్మా, సమాధానపడు" అని ఆడపిల్లను తిరిగి పంపడం యెషయా 58 కాదు. దాని పైవచనం చూడండి: బాధింపబడినవారిని విడిపించడం, ప్రతి కాడినీ విరగగొట్టడం. కాడి విరగ్గొట్టాల్సిన చోట మెడ వంచమనడం ఉపవాసం కాదు, దౌర్జన్యానికి కాపలా కాయడం. నేను చెబుతున్నది సరిహద్దు రాయి, బంగారు గొలుసు, పెళ్లి పిలుపులో పేరు తప్పిపోవడం, కమిటీ ఎన్నికల్లో ఓటు, వీటి మీద ఏళ్లకేళ్లు మొహాలు తిప్పుకుంటున్న మన సంగతి.

కనుక ఈసారి కమిటీకి నా మనవి ఒకటే. కాటేజీ ప్రార్థనల పట్టికలో పెన్సిల్‌తో కొట్టేసిన పేర్లు మళ్లీ రాయండి. ఎవరు రారో వాళ్లింట్లోనే ముందు పెట్టండి. రాకపోతే నలుగురితోనే పాడుకుందాం.

ఇంటి సంగతి మీకే తెలుసు. భస్మ బుధవారానికి ముందు మంగళవారం ఉంది. ఆ రోజు వెళ్లండి. అయ్యగారిని వెంటబెట్టుకుని పోకండి, పంచాయితీ అనుకుంటారు. వాక్యం ఎత్తకండి. పాత కాగితాలు జేబులో పెట్టుకోకండి. తప్పెవరిదో తేల్చే పని ఆ పూటకు వద్దు. ఫొటో అసలే వద్దు. ఇంట్లో నిజంగా లేని వస్తువేదో చూసుకుని, అది అడగండి. పెట్టకపోతే ఖాళీ గిన్నెతోనే రండి, వచ్చే ఏడాది మంగళవారం మళ్లీ వస్తుంది.