మా బేరింగులు రష్యా వెళ్లవని నిరూపించుకున్నాను

జర్మనీ నుంచి రావాల్సిన బాల్ బేరింగులు నిన్న సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని మా షాపులో దిగాయి. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరోపియన్ యూనియన్, బ్రిటన్, జపాన్ కలిసి ఒక జాబితా తయారు చేసుకున్నాయి. ఏ దారిలోనూ రష్యాకు చేరకూడని 50 రకాల సరుకులు అందులో ఉన్నాయి. చిప్‌లతో పాటు బాల్ బేరింగులు కూడా, కస్టమ్స్ కోడ్ 8482.10. బేరింగు లేనిదే యుద్ధ ట్యాంకూ కదలదు, గూడ్సు బండీ కదలదు, కాబట్టి వాళ్ల భయం న్యాయమే. యూరప్ కంపెనీలు మనలాంటి దేశాలకు వీటిని అమ్మేటప్పుడు ‘రష్యాకు తిరిగి అమ్మం’ అన్న షరతు కాంట్రాక్టులో ఉండాలని 2024 మార్చి 20 నుంచి రూలు. సంతకం పెట్టేశాను. మా సరుకు మిర్యాలగూడ రైస్ మిల్లులకూ కరీంనగర్ గ్రానైట్ వాళ్లకూ పోతుందని రాసిచ్చాను.

అసలు గొడవ ఆ తర్వాత. ‘మీ కంపెనీ 2022 ఫిబ్రవరి 24 తర్వాత ఏర్పడింది, వివరణ ఇవ్వండి’ అని జర్మన్ కంపెనీలో రూల్స్ తనిఖీ చేసే కంప్లయెన్స్ విభాగం నుంచి మెయిల్. అది యుద్ధం మొదలైన తేదీ. రష్యాకు ఎగుమతులు కట్టడి చేసిన దేశాల కూటమిలో లేని దేశంలో ఆ తర్వాత పుట్టిన కంపెనీ ఈ సరుకులు కొంటే అనుమానించమని అమెరికా సంస్థలు బ్యాంకులను హెచ్చరించాయి. జర్మన్లూ అదే కొలత పెట్టారు. మా షాపు నాన్నగారు 1986లో పెట్టారు. బ్యాంకు లోను కోసం 2022 జూన్‌లో ప్రైవేట్ లిమిటెడ్ చేశాం. అంతే, మేం దొంగ కంపెనీ అయిపోయాం!

వీడియో కాల్‌లో మా అబ్బాయి వయసున్న కుర్రాడు షట్టరు, గోడౌను, చివరికి నా కుర్చీ కూడా చూపించమన్నాడు. రష్యాలో బంధువులున్నారా అని అడిగాడు. మేనల్లుడు అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నాడని చెప్పాను. మా ఆవిడ పక్కనుంచి వద్దని సైగ చేస్తూనే ఉంది. దానికి ఇంకో ఫారం వచ్చింది. నలభై ఏళ్ల వ్యాపారంలో ఒక్క చెక్కు బౌన్స్ అవ్వని షాపు మాది, తెలుసా?

రష్యా క్రూడ్‌ను మన జామ్‌నగర్‌లో శుద్ధి చేస్తే వచ్చిన డీజిల్‌ను ఇదే యూరప్ ఏళ్ల తరబడి కొనుక్కుంది. వాళ్లనెవరూ కుర్చీ చూపించమనలేదు.

మా కస్టమ్స్ క్లియరింగ్ ఏజెంటు ‘ఫార్మాలిటీయే సార్’ అని ఫోను ఎత్తడం మానేశాడు. షాపు పాతదేనని చూపించడానికి, స్టాంపు పేపరు మీద తెలుగులో ఉన్న పాత భాగస్వామ్య పత్రాన్ని ఇంగ్లీషులోకి మార్పించి, నోటరీ చేయించి పంపితే పనికిరాదన్నారు. చివరికి అటక మీద దొరికిన ఏపీజీఎస్టీ (ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి అమ్మకపు పన్ను) రిజిస్ట్రేషన్ కాగితమే పని చేసింది. దాని మీద ప్రభుత్వ ముద్ర, తేదీ ఉన్నాయి. అమ్మకపు పన్ను ఆఫీసులో ఆ ముద్ర కోసం నాన్నగారు ఎంత తిరిగారో గానీ, ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

మేం సరుకు కొనే జపాన్ కంపెనీ ఫారం మళ్లీ వేరు. జాబితా అందరిదీ ఒకటే, కాగితాలు మాత్రం ఎవరివి వాళ్లవి. ఒకరికి ఇచ్చిన జవాబు ఇంకొకరికి చెల్లదు.

మీరూ సంస్థను కంపెనీగా మార్చే ఆలోచనలో ఉంటే, పాత రిజిస్ట్రేషన్ రద్దు చేయించే ముందు ముద్రలున్న ప్రతి కాగితాన్నీ స్కాన్ చేయించుకోండి. ఈ సంగతి మీ ఆడిటర్ చెప్పడు. మా ఆడిటర్ చెప్పలేదు, పైగా ఫీజు ముందే తీసుకున్నాడు.